ఘృతకుమారి

మనము కలబంద అని పిలిచే మొక్కకు హిందీలో ఘీకువార్ అని పేరు. సంస్కృతములోని ఘృతకుమారి శబ్దమునుండి వచ్చినది ఈ మాట. ఆకును చీల్చగా కనిపించే గుజ్జు నేతివలె జిగటగా ఉండును. వేళ్లతో పెకలించి గుమ్మమునకు వ్రేలాడదీసినా మొక్క చాలనాళ్లు వాడదు. పేరు దానికి తగియే ఉన్నది. అయితే పేరు ఇంత ప్రాచీనముగా ధ్వనించుటచేత, వేదకాలమునుండి ఈ ఓషధి మనదే అని పలువురు నమ్ముదురు. చరిత్ర చెప్పునది వేరు.

చరక సుశ్రుత సంహితలలో కుమారికి చెప్పుకోదగిన స్థానము లేదు. అది ప్రసిద్ధికి వచ్చినది మధ్యయుగపు గ్రంథములలో. శార్ఙ్గధర సంహితలో కుమార్యాసవము కలదు. 16వ శతాబ్దమునాటి భావమిశ్రుడు తన భావప్రకాశములో కుమారిని శీతలమనీ, తిక్తమనీ, విరేచనకారి అనీ వర్ణించి, కాలిన పుండ్లకు, చర్మవ్యాధులకు, కాలేయ ప్లీహ వికారములకు మందుగా చెప్పినాడు. ఈ మొక్క జన్మస్థానము అరేబియా ద్వీపకల్పమని 2015లో వెలువడిన వృక్షశాస్త్ర పరిశోధన సూచించినది.

అరబ్బీలో కలబంద పేరునకూ, ఓర్పు అనే అర్థముగల 'సబ్ర్' శబ్దమునకూ ధాతువు ఒక్కటే. ఆకు కోసినచోట కారే పసుపుపచ్చని చేదు రసమును ఇగిర్చి ఎండబెట్టగా నల్లని గడ్డ అగును. అదే మన పచారీకొట్ల ముసాంబరము, హిందీవారి ఏలువా. ముసాంబరమనే మాట కూడా ఆ అరబ్బీ ధాతువునుండి పుట్టినదే. సముద్రవర్తకులు మోసినది ఈ గడ్డనే గాని ఆకును కాదు. 1వ శతాబ్దపు గ్రీకు వైద్యుడు డయాస్కరిడీస్ ఇది హిందూదేశమునుండి వచ్చునని వ్రాసినాడు. 1563లో గోవాలో అచ్చయిన గార్సియా ద ఓర్తా గ్రంథము సొకోత్రా ద్వీపపు సరకును మెచ్చుచు, ఖంభాత్, వంగదేశములలో కూడ దానిని తయారుచేయుదురని పేర్కొన్నది.

కాబట్టి ఒకే ఆకులో రెండు మందులున్నవి. తొక్క క్రింది పసుపు రసము అంగడి సరకు. నడిమి తెల్లని గుజ్జు పెరటి సొత్తు. రాజస్థానములో చేదు పోవునట్లు శుద్ధిచేసి ఈ ఆకును కూర వండుకొందురు. కాలిన చర్మమునకు గుజ్జు పూయుట పలు ప్రాంతముల ఆచారము. 1935లో అమెరికా వైద్యులు ఎక్స్‌రే వలన కలిగిన చర్మవ్రణమునకు తాజా ఆకును ఉపయోగించి ఫలితమును ప్రకటించిరి. అటుపిమ్మట జరిగిన పరీక్షలలో కొన్ని, స్వల్పముగా కాలినప్పుడు గుజ్జు మేలుచేయునని తెల్పినవి. లోతైన గాయములకు మాత్రం అది చాలిన వైద్యము కాదు.

పసుపు రసము సంగతి వేరు. దానిలోని అలోయిన్ అనే పదార్థమును 1851లో వేరుచేసినారు. అది ప్రేగులను తీవ్రముగా కదిలించును, గర్భిణులకు కూడదు. అమెరికా ప్రభుత్వము 2002లో ముసాంబరపు విరేచన మందులను వైద్యుని చీటీ లేకుండ అమ్ముట ఆపించినది. పసుపు రసము తొలగించని సంపూర్ణ పత్రసారమును అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ, కేన్సర్ కలిగించే అవకాశముగల పదార్థముల వర్గములో చేర్చినది.

నేడు సీసాలలో అమ్మే కలబంద రసమును కొనువారిలో ఎందరో, అందులో ఈ రెంటిలో ఏది ఎంత ఉన్నదని విచారింపక, వేదకాలపు అమృతమనే మాటతోనే తృప్తిపడుచున్నారు. పూర్వవైద్యులు అట్లు చేయలేదు. ఆకును కుమారి అన్నారు. ఎండిన రసమునకు కన్యాసారమని వేరు పేరు పెట్టి, మోతాదు ఎరిగి ఇచ్చినారు. పరదేశమునుండి వచ్చిన మొక్కను ఇంటి కన్యగా చేర్చుకొనుట వారి ఔదార్యము. గుణదోషములు రెండింటినీ పరీక్షించి చేర్చుకొనుట వారి వివేకము. ఔదార్యము మనకు మిగిలినది. వివేకమును కూడ నిలుపుకొనవలసి ఉన్నది.