పడని జెండా

2019 జనవరి 20న న్యూ ఆర్లీన్స్‌లోని సూపర్‌డోమ్‌లో ఒక పసుపు గుడ్డ నేలమీద పడాల్సింది. పడలేదు. ఆ సాయంత్రం జరిగిన వాటికంటే ఆ జరగని దాని గురించే జనం ఎక్కువ మాట్లాడుకున్నారు, ఇప్పటికీ మాట్లాడుకుంటూనే ఉన్నారు.

అమెరికన్ ఫుట్‌బాల్ తెలియని వాళ్ళకోసం రెండు ముక్కలు. బంతి చేతిలో ఉన్న జట్టుకి నాలుగు అవకాశాలుంటాయి. ఆ నాలుగింటిలో పది గజాలు ముందుకి వెళ్తే మళ్ళీ కొత్తగా నాలుగు వస్తాయి. వెళ్ళలేమనిపిస్తే, దగ్గర్లో ఉంటే బంతిని కాలితో గోల్‌లోకి తన్ని మూడు పాయింట్లు తెచ్చుకోవచ్చు. జట్టుని నడిపించేవాడు, బంతి విసిరేవాడు క్వార్టర్‌బ్యాక్. గెలిస్తే గుడి కడతారు, ఓడితే తిట్లన్నీ అతనికే. బంతి చేతికి అందకముందే అందుకోబోయేవాణ్ణి గుద్దితే అది పాస్ ఇంటర్‌ఫియరెన్స్. రిఫరీ పసుపు జెండా విసరాలి.

ఆ రోజు ఆట సెయింట్స్‌కీ, లాస్ ఏంజెలెస్ ర్యామ్స్‌కీ మధ్య. గెలిచినవాళ్ళు సూపర్‌ బౌల్‌కి వెళ్తారు. స్కోరు 20-20, ఇంకా 1 నిమిషం 49 సెకన్లు ఉంది. సెయింట్స్ మూడో అవకాశం, గోల్ గీతకి 13 గజాల దూరం. క్వార్టర్‌బ్యాక్ డ్రూ బ్రీస్ కుడిపక్కకి, టామీలీ లూయిస్‌కి బంతి విసిరాడు. బంతి ఇంకా గాల్లో ఉండగానే ర్యామ్స్ డిఫెండర్ నికెల్ రోబీ-కోల్‌మన్ దూసుకొచ్చి లూయిస్‌ని ఎత్తి పడేశాడు. బంతివైపు కనీసం చూడలేదు కూడా. పక్కనే అంపైర్లున్నారు. జెండా లేదు.

జెండా పడుంటే ఏమయ్యేదో లెక్క సులువే. సెయింట్స్‌కి కొత్తగా అవకాశాలొచ్చేవి, ఆటని కదపకుండా గడియారాన్ని దాదాపు ఖాళీ చేసి, చివర్లో దగ్గరి నుంచి గోల్ తన్ని ఇంటికెళ్ళేవాళ్ళు. జరిగింది వేరు. వెంటనే 31 గజాల ఫీల్డ్ గోల్ కొట్టి 23-20 చేశారు కానీ ర్యామ్స్‌కి 1 నిమిషం 41 సెకన్లు మిగిల్చారు. 15 సెకన్లుండగా ర్యామ్స్ 48 గజాల నుంచి సమం చేశారు. ఓవర్‌టైమ్‌లో బంతి మొదట సెయింట్స్‌కే వచ్చింది. బ్రీస్ విసురుతుండగా డాంటే ఫౌలర్ మీదపడ్డాడు, బంతి గాల్లోకి లేచింది, జాన్ జాన్సన్ వెల్లకిలా పడుతూ పట్టేసుకున్నాడు. గ్రెగ్ జూర్‌లైన్ 57 గజాల నుంచి తన్నాడు. 26-23. అయిపోయింది.

తర్వాత జరిగింది దాదాపు ప్రజా ఉద్యమం. తప్పు జరిగిందని లీగ్ అధికారి ఫోన్‌లో ఒప్పుకున్నాడని కోచ్ షాన్ పేటన్ ఆట అయిన వెంటనే విలేకరులకి చెప్పేశాడు. బంతికంటే ముందే చేరానని రోబీ-కోల్‌మన్ కూడా ఒప్పుకున్నాడు. తలతో తలని ఢీకొట్టినందుకు లీగ్ అతనికి 26,739 డాలర్ల జరిమానా వేసింది. ఇంతమంది ఒప్పుకున్నా స్కోరు మాత్రం మారదు! లూసియానా గవర్నర్ లీగ్ కమిషనర్ రోజర్ గుడెల్‌కి ఉత్తరం రాశాడు. టికెట్లు కొన్నవాళ్ళు కోర్టుకెళ్ళారు. కమిషనర్ బహిరంగంగా నోరు విప్పడానికి పది రోజులు పట్టింది. అదే సెప్టెంబర్‌లో లూసియానా సుప్రీంకోర్టు చెప్పిందేమిటంటే, టికెట్ కొంటే లోపలికొచ్చి కూర్చుని చూసే హక్కు వస్తుంది, అది మీకు దక్కింది కదా అని. న్యాయంగా ఆడిన ఆట చూసే హక్కు టికెట్‌లో లేదన్నమాట. చట్టం ప్రకారం సరైన తీర్పే. కానీ అభిమానం అనే సరుకులో అసలు ఏం కొనుక్కుంటామో ఇంత పొడిగా చెప్పిన వాక్యం నేనింకెక్కడా చూడలేదు.

ఫిబ్రవరి 3న సూపర్‌ బౌల్ జరుగుతుంటే న్యూ ఆర్లీన్స్ వీధుల్లో బ్యాండు మేళాలతో తిరిగింది. మరునాడు స్థానిక పత్రిక టైమ్స్-పికయూన్ మొదటి పేజీ దాదాపు తెల్లగా వదిలేసి, సూపర్‌ బౌలా, ఏ సూపర్‌ బౌల్ అన్న అర్థంలో చిన్న ప్రశ్న మాత్రం వేసింది.

ఇక్కడిదాకా అందరికీ తెలిసిన కథ. నాకు ఆసక్తి ఆ నగరపు అభిమానులు తమలో తాము పడిన గొడవ మీద. బయటివాళ్ళతో మాట్లాడేటప్పుడు అందరిదీ ఒకటే మాట, మమ్మల్ని దోచుకున్నారని. లోపల మాత్రం రెండు వర్గాలు. ఒకరు జెండా దగ్గరే ఆగిపోయినవాళ్ళు. రెండోవారు, కాస్త గొంతు తగ్గించి, సరే గానీ బ్రీస్ సంగతేంటి అని అడిగినవాళ్ళు.

రెండోవాళ్ళ దగ్గర సరుకు తక్కువేం లేదు. ఆ లూయిస్ పాస్‌కి రెండు ఆటల ముందు, బంతి 13 గజాల గీత మీదున్నప్పుడు, పరిగెత్తి గడియారం తిప్పాల్సింది పోయి సెయింట్స్ పాస్ వేశారు. మైకేల్ థామస్‌కి వేసిన ఆ బంతి అందలేదు, గడియారం ఆగిపోయింది. ర్యామ్స్ దాచుకోవాల్సిన టైమ్ అవుట్ దాచుకున్నారు. అంతకుముందు మొదటి క్వార్టర్‌లో 13-0 ఆధిక్యం. అందులో ఆరు పాయింట్లు ఫీల్డ్ గోల్స్ నుంచే, టచ్‌డౌన్‌లు కావాల్సిన చోట. పైగా 13-0 దగ్గర ర్యామ్స్ పంటర్ జానీ హెకర్ తన్నినట్టు నటించి పాస్ వేస్తే సెయింట్స్ నోరెళ్ళబెట్టి చూశారు. ఇంకోటి, సెయింట్స్ అభిమానులు అస్సలు తలుచుకోనిది: నాలుగో క్వార్టర్‌లో ర్యామ్స్ క్వార్టర్‌బ్యాక్ జారెడ్ గాఫ్ గోల్ గీతకి చేరువగా పరిగెడుతుంటే సెయింట్స్ ఆటగాడు హెల్మెట్ ముందు కమ్మీ పట్టి లాగాడు. అదీ తప్పే, దానికీ జెండా పడలేదు. ర్యామ్స్ ఫీల్డ్ గోల్‌తో సరిపెట్టుకున్నారు. అంటే 20-20 అన్న ఆ స్కోరే ఒక పడని జెండా మీద నిలబడింది.

మరి ఈ ప్రశ్నలు ఎందుకంత మెల్లగా అడిగారు? బ్రీస్ కేవలం ఆటగాడు కాదు కాబట్టి. 2005 ఆగస్టులో కత్రినా తుఫాను వచ్చినప్పుడు ఇల్లూవాకిలీ పోయిన వేలమంది తలదాచుకున్నది ఈ సూపర్‌డోమ్‌లోనే. ఆ నగరం మళ్ళీ లేస్తుందా అని దేశమంతా అనుమానిస్తున్న రోజుల్లో, 2006 మార్చిలో, భుజం చిట్లి ఇంకో జట్టు డాక్టర్లు సందేహించిన బ్రీస్ అక్కడికొచ్చాడు. చితికిన ఊరు, చితికిన భుజం. 2010 ఫిబ్రవరిలో సూపర్‌ బౌల్ తెచ్చిపెట్టాడు. అలాంటివాడి గురించి, చేతిలో మునుపటి బలం లేదు అనడం ఇంట్లో పెద్దాయనకి చూపు తగ్గిందని పైకి అనడం లాంటిది. అందరికీ తెలుసు, ఎవరూ అనరు.

2018 సీజన్ అంకెలు చూస్తే అనడానికి ధైర్యం కూడా చాలదు. 74.4 శాతం పాస్‌లు అందాయి, అప్పటికి అది రికార్డు. 32 టచ్‌డౌన్‌లకి 5 ఇంటర్‌సెప్షన్‌లే. కానీ నవంబర్ 29న డాలస్‌లో 13-10తో ఓడి పది వరుస విజయాలు ఆగిన దగ్గర్నుంచి ఆ దాడి మునుపటిలా లేదు. ర్యామ్స్ ఆటకి ఐదు రోజుల ముందే అతనికి నలభై నిండాయి. ఆ ఆటలో 40 పాస్‌లకి 26 అందాయి, 249 గజాలు. చెడ్డ ఆట కాదు, గొప్ప ఆటా కాదు. చివర్లో ఒక ఇంటర్‌సెప్షన్. జెండా గొడవ లేకపోతే ఆ వారమంతా ఊరు మాట్లాడుకోవాల్సింది ఆ ఇంటర్‌సెప్షన్ గురించే. రిఫరీల తప్పు సెయింట్స్ నుంచి సూపర్‌ బౌల్‌ని లాక్కుంది, నిజమే. దాంతోపాటే బ్రీస్ వయసు గురించి మాట్లాడుకోవాల్సిన అవసరాన్ని కూడా రెండేళ్ళు వాయిదా వేసిందని నా అభిప్రాయం.

ఇది మనకి కొత్తేం కాదు. 2008 జనవరి సిడ్నీ టెస్ట్ అనగానే మన తరానికి స్టీవ్ బక్నర్ గుర్తొస్తాడు. సైమండ్స్ 30 దగ్గర అవుటయ్యుండాల్సింది, 162 నాటౌట్‌గా మిగిలాడు. బక్నర్‌ని తర్వాతి టెస్ట్ నుంచి తప్పించారు కూడా. అదే టెస్ట్‌లో మన లక్ష్మణ్ కొట్టిన 109 ఎంతమందికి గుర్తుంది? చివరిరోజు కాసేపు నిలబడితే డ్రా అయ్యే దశలో మైకేల్ క్లార్క్‌కి ఒకే ఓవర్‌లో మూడు వికెట్లిచ్చామని ఎంతమంది చెప్తారు? అన్యాయం జరగలేదని కాదు. ఒక అన్యాయం అంత స్పష్టంగా కళ్ళముందుంటే మిగతా నాలుగు రోజుల ఆట దాని నీడలోకి వెళ్ళిపోతుంది.

లీగ్ వేసిన మందు ఇంకా విచిత్రం. 2019 మార్చిలో జట్ల యజమానులు 31-1 ఓట్లతో, పాస్ ఇంటర్‌ఫియరెన్స్‌ని, ఇచ్చినదాన్నీ ఇవ్వనిదాన్నీ, వీడియోలో తిరిగి చూడొచ్చని ఒక్క ఏడాదికి నిబంధన తెచ్చారు. ప్రొడక్షన్‌లో ఒక బగ్ బయటపడగానే రాత్రికి రాత్రి ప్యాచ్ వేసేవాళ్ళం మాకు ఇది బాగా తెలిసిన వ్యవహారం. ఎంత తోస్తే తోసినట్టు అన్నది కెమెరా తేల్చే విషయం కాదు. ఏ తీర్పు మారుతుందో, ఏది మారదో కోచ్‌లకి అంతుపట్టలేదు. ఏడాది కాగానే నిబంధనని చెత్తబుట్టలో వేశారు.

అది అమల్లో ఉండగానే, 2020 జనవరి 5న, అదే సూపర్‌డోమ్‌లో మినెసోటా వైకింగ్స్ చేతిలో సెయింట్స్ ఓవర్‌టైమ్‌లో 26-20తో ఓడిపోయారు. గెలుపు టచ్‌డౌన్‌లో కైల్ రూడాల్ఫ్ డిఫెండర్‌ని చేత్తో తోశాడు. జెండా లేదు, తీర్పూ మారలేదు. మళ్ళీ అదే గొడవ. ఆ ఆటలో బ్రీస్ ఒక ఇంటర్‌సెప్షన్ ఇచ్చాడని, నాలుగో క్వార్టర్‌లో బంతి జారవిడిచాడని ఈసారీ రెండో వరసలోనే చెప్పుకున్నారు.

2021 జనవరి 17న టాంపా బే మీద ఆడినప్పుడు కోవిడ్ వల్ల స్టేడియం దాదాపు ఖాళీ. బ్రీస్ మూడు ఇంటర్‌సెప్షన్‌లిచ్చాడు, మొత్తం 134 గజాలు, 30-20తో ఓటమి. ఆ రాత్రి ఎవరూ జెండా గురించి అడగలేదు. ఆట అయ్యాక గెలిచిన క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ మైదానంలోకి తిరిగొచ్చి, బ్రీస్‌తో కాసేపు మాట్లాడి, బ్రీస్ కొడుకుకి ఒక పాస్ విసిరాడు. పిల్లవాడు పట్టుకున్నాడు.