సముద్రం లేని చోట నౌకాదళం

రక్తపోటు, మధుమేహం, మోకాళ్ళ నొప్పులు వంటి విషయాలు వ్రాసే ఈ చోట నౌకాదళ చరిత్ర ఏమిటని మీకు ఆశ్చర్యం కలుగవచ్చు. హిమాయత్ సాగర్ పరిసరాల వారు, శంషాబాద్, మొయినాబాద్, చేవెళ్ళ వారు కొంతకాలంగా నన్ను ఒకే ప్రశ్న అడుగుతున్నారు: "డాక్టరు గారూ, దామగుండం అడవిలో నేవీ వాళ్ళు రాడార్ పెడుతున్నారట. దాని వల్ల క్యాన్సర్లు వస్తాయంటున్నారు, నిజమేనా?" మాజీ సైనికుల సమావేశాలకు వెళ్ళినా ఇదే చర్చ. వారిలో నౌకాదళంలో పనిచేసి వచ్చినవారు మాత్రం నవ్వి ఊరుకుంటారు. ప్రజల భయాన్ని నవ్వి తీసివేయరాదు, అలాగని గాలివార్తలకు తల ఊపనూ రాదు. ప్రశ్న వైద్యానికి సంబంధించినదే అయినా, సమాధానం చెప్పాలంటే కొంత చరిత్ర చెప్పుకోక తప్పదు.

ముందుగా ఒక్క మాట. వికారాబాద్ జిల్లా పూడూరు మండలంలో కట్టేది రాడార్ కాదు. రాడార్ తరంగాన్ని పంపి, అది దేనికో తగిలి తిరిగి వచ్చే ప్రతిధ్వనిని పసిగట్టే యంత్రం. దామగుండంలోది రేడియో ప్రసార కేంద్రం, ఆకాశవాణికి దూరపు బంధువు. తేడా అల్లా శ్రోతల్లో ఉంది. దీని శ్రోతలు సముద్రగర్భంలో ఉంటారు.

మన తెలుగువారికి నౌకాయుద్ధం వార్తాపత్రికల్లో చదివిన సంగతి మాత్రమే కాదు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. 1944 ఫిబ్రవరిలో ఆర్.ఓ.-110 అనే జపాను జలాంతర్గామి విశాఖ తీరానికి దూరాన ఒక నౌకాశ్రేణి మీద దాడి చేసి, నాటి రాయల్ ఇండియన్ నేవీకి చెందిన 'జమున', రెండు ఆస్ట్రేలియా నౌకలు కలిసి జరిపిన ఎదురుదాడిలో మునిగిపోయింది. ఈ ఘట్టం విశాఖ వారిలోనే చాలామందికి తెలియదు. అందరికీ తెలిసినది 1971 నాటి 'ఘాజీ' కథ.

అమెరికాలో 'డయాబ్లో' అన్న పేరుతో పుట్టిన ఆ జలాంతర్గామి 1964లో పాకిస్తాన్ చేతికి వచ్చింది. కరాచీలో బయలుదేరి బంగాళాఖాతం దాకా వచ్చి పోరాడగల సత్తా నాటి పాకిస్తాన్ జలాంతర్గాముల్లో దానికొక్కదానికే ఉండేది. 1971 నవంబరు 14న అది కరాచీ విడిచింది. దాని గురి మన ఏకైక విమానవాహక నౌక 'విక్రాంత్' మీద. తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ ఈ ప్రమాదాన్ని ముందే ఊహించి విక్రాంత్‌ను అండమాన్ దీవుల్లో దాచారు. తరువాత ఆయన ఆడించిన నాటకం ఏ నవలకూ తీసిపోదు. 'రాజ్‌పుత్' అనే పాత డిస్ట్రాయర్ చేత, తానే విక్రాంత్ అన్నట్లు రేడియో సందేశాలు పంపించారు. పెద్ద నౌకాబలగం రేవుకు రాబోతున్నదన్న మాట ఊళ్ళో పాకేటట్లు విశాఖ గుత్తేదార్లకు భారీగా మాంసం, కూరగాయలు పురమాయించారు. అన్నిటికన్నా తమాషా ఏమిటంటే, విక్రాంత్ మీది నావికుడొకడు జబ్బుపడిన తన తల్లి క్షేమం అడుగుతున్నట్లు రహస్య సంకేతాలేవీ లేని ఒక తంతి కూడా పంపించారు. ఆ తల్లి లేదు, ఆ జబ్బూ లేదు. నా వైద్య వృత్తిలో సెలవు కోసం కల్పించిన రోగాలు వందలు చూశాను గాని, యుద్ధగతిలో పాలుపంచుకున్న కల్పిత రోగాన్ని చరిత్రలో ఇదొక్కటే ఎరుగుదును.

డిసెంబరు 3-4 అర్ధరాత్రి విశాఖ రేవు వెలుపల పెద్ద విస్ఫోటం జరిగింది. పట్టణంలో కిటికీలు కదిలిపోయాయి. తెల్లవారిన తరువాత జాలరులకు నీటి మీద తేలుతున్న శకలాలు దొరికాయి. ఘాజీ తొంభైమందికి పైగా మనుషులతో అడుగంటింది. రాజ్‌పుత్ జారవిడిచిన డెప్త్ చార్జీల వల్లనే మునిగిందని మన నౌకాదళం అంటుంది. లోపలి పేలుడు వల్లనో, తాను పరచిన మందుపాతర వల్లనో అని పాకిస్తాన్ అంటుంది. ఈ వాదం తేలలేదు, నేను తేల్చబోవడమూ లేదు. విశాఖ బీచ్‌రోడ్డులో 1996లో నిలిపిన విజయస్మారకాన్ని చూసినవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఆ శకలం నేటికీ తీరానికి రెండు మూడు కిలోమీటర్ల లోపే ఉంది. 2024లో మన నౌకాదళం తన లోతు సముద్రపు రక్షణ నౌకతో దానిని కనుగొని కూడా, యుద్ధంలో మరణించినవారి పట్ల గౌరవంతో ముట్టుకోకుండా వదిలివేసింది. నాకు అది బాగా నచ్చింది.

ఈ కథలో మన ప్రశ్నకు పనికివచ్చే అంశం రేడియో. ఉప్పునీరు విద్యుద్వాహకం. సాధారణ రేడియో తరంగం సముద్రపు పైపొరలోనే అణగారిపోతుంది. అందుచేత నాటి జలాంతర్గామి తన వారి మాట వినాలంటే నీటి పైదాకా వచ్చి ఏరియల్ ఎత్తవలసి వచ్చేది. ఎత్తిన ప్రతిసారీ శత్రువుకు కనబడే ప్రమాదం ఉండేది. దాగి ఉండటమే జలాంతర్గామి ప్రాణం కదా! ఈ చిక్కుకు ఒకటే దారి: పౌనఃపున్యాన్ని బాగా తగ్గించడం. సెకనుకు ఇరవై వేల కంపనాల స్థాయికి దిగితే, తరంగం సముద్రంలోకి పది ఇరవై మీటర్ల దాకా చొరబడుతుంది. భూమికి, అయనావరణానికి నడుమ పరావర్తనం చెందుతూ వేల కిలోమీటర్లు పోతుంది. జర్మన్లు 1943లోనే 'గోలియత్' పేరుతో ఇటువంటి కేంద్రం కట్టి మునిగి ఉన్న తమ జలాంతర్గాములకు ఆదేశాలు పంపారు. యుద్ధానంతరం రష్యన్లు దానిని ఊడదీసి తమ దేశానికి తరలించుకుపోయి మళ్ళీ నిలబెట్టారు. ఆ విద్యకు వారు ఇచ్చిన విలువ అది.

దీనికి ఒక ఖరీదు ఉంది. పౌనఃపున్యం తగ్గిన కొద్దీ తరంగదైర్ఘ్యం పెరుగుతుంది. ఇరవై వేల కంపనాల దగ్గర ఒక్కొక్క తరంగం పదిహేను కిలోమీటర్ల పొడవు. అంతటి తరంగాన్ని పుట్టించడానికి వందల మీటర్ల ఎత్తు స్తంభాలు, వాటి నడుమ తీగల పందిరి, నేలలో పరచిన రాగి తీగల వల కావాలి. అందుకే వేల ఎకరాలు అడుగుతారు. మన దేశంలో మొదటి కేంద్రం తమిళనాడులోని తిరునెల్వేలి జిల్లాలో 1990లో ప్రారంభమైన 'కట్టబొమ్మన్'. అక్కడి స్తంభాల ఎత్తు 470 మీటర్ల పైమాట. చార్మినార్ ఎత్తు 56 మీటర్లని గుర్తు చేసుకుంటే ఆ కొలత మనసుకెక్కుతుంది.

ఇక రెండవ కేంద్రం అవసరం విశాఖలోనే పుట్టింది. 2009 జులై 26న అక్కడ నీటిలోకి దిగిన అణుశక్తి జలాంతర్గామి 'అరిహంత్' నెలల తరబడి మునిగి ఉండగలదు. దాని సోదరి 'అరిఘాత్' 2024 ఆగస్టు 29న దళంలో చేరింది. అదే సంవత్సరం అక్టోబరు 15న రక్షణమంత్రి రాజ్‌నాథ్ సింగ్ దామగుండంలో శంకుస్థాపన చేశారు. సుమారు 2,900 ఎకరాల అటవీభూమి తూర్పు నౌకాదళానికి అప్పగించబడింది. 2027 నాటికి పూర్తి చేయాలన్నది సంకల్పం. విశాఖ రేవుకు, మన ఎర్రనేలల దామగుండానికి ఉన్న బంధం ఇదీ.

ఇప్పుడు నా శాస్త్రానికి వస్తాను. 'రేడియేషన్' అన్న ఒక్క మాట కింద ప్రజలు ఎక్స్‌రేనూ, అణుధూళినీ, సెల్‌ఫోన్ తరంగాన్నీ కలిపివేస్తారు. ఎక్స్‌రేలోని ఒక్కొక్క శక్తికణం మన కణజాలంలోని అణువును చీల్చగలదు. దానినే అయనీకరణం అంటాము. డి.ఎన్.ఏ. దెబ్బతినే ప్రధాన మార్గం అదే. దామగుండం తరంగపు శక్తికణం అందుకు కావలసిన శక్తికంటే పదివేల కోట్ల రెట్లకు పైగా బలహీనం. స్తంభాలు ఎంత పెద్దవైనా ఈ లెక్క మారదు. అయితే హాని అసలే లేదనడం కూడా తప్పే. చాలా బలమైన క్షేత్రంలో, అంటే ఏరియల్ తీగల కిందనే, నరాలు ఉద్దీపన చెందవచ్చు. పెద్ద లోహపు వస్తువును తాకితే షాకు తగలవచ్చు. గుండెకు పేస్‌మేకర్ అమర్చుకున్నవారు ఆవరణ లోపలికి వెళ్ళే ముందు తప్పక వైద్యుని అడగాలి. అందుకే అంతర్జాతీయ సంస్థ ఐ.సి.ఎన్.ఐ.ఆర్.పి. 2010లో ఈ శ్రేణికి సాధారణ ప్రజల విషయంలో మీటరుకు 83 వోల్టులు అన్న పరిమితి పెట్టింది. దూరం పెరిగిన కొద్దీ క్షేత్రబలం వేగంగా తగ్గుతుంది. కనుక మొయినాబాద్, శంషాబాద్ వాసులకు దీని వల్ల క్యాన్సర్ భయం అక్కరలేదని ధైర్యంగా చెప్పగలను. కంచె ఆనుకుని ఉండే గ్రామాల వారికి నా మాట చాలదు, మీటరు పెట్టి కొలిచి చూపాలి.

క్యాన్సర్ మాట వచ్చింది కనుక ఇంకొకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుబంధమైన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2002లో విద్యుత్ తీగల వంటి అత్యల్ప పౌనఃపున్య అయస్కాంత క్షేత్రాలను, 2011లో సెల్‌ఫోన్ వంటి రేడియో తరంగాలను 'బహుశా కారకాలు కావచ్చు' అన్న 2-బి వర్గంలో చేర్చింది. దామగుండం శ్రేణి ఈ రెంటికీ నడిమిది, దాని మీద పరిశోధనలు తక్కువ. మొదటి వర్గంలో, అంటే నిశ్చితమైన కారకాలలో, ఉన్నవేమిటో తెలుసునా? పొగాకు ఉంది. ఆస్‌బెస్టాస్ ఉంది. రేడియో స్తంభాన్ని చూసి నవ్విన మాజీ నావికులకు నేను చెప్పదలచినది ఇక్కడే ఉంది.

ఘాజీ కథలోని రాజ్‌పుత్ రెండవ ప్రపంచయుద్ధ కాలంలో స్కాట్లండులో తయారైన ఆవిరి నౌక. ఆ తరం నౌకల్లో ఆవిరి గొట్టాలకు, బాయిలర్లకు వేడి ఆగడానికి ఆస్‌బెస్టాస్ చుట్టేవారు. మరమ్మతు చేసినప్పుడల్లా ఆ పొడి ఇరుకు గదుల్లో ఎగిరేది. పీల్చిన పోగు ఊపిరితిత్తి పొరల్లో చిక్కుకుని ఇరవై, నలభై ఏళ్ళు మౌనంగా ఉండి, తరువాత మీసోథీలియోమా అనే పుండుగా బయటపడగలదు. పొగత్రాగే వారిలో ఆస్‌బెస్టాస్ వల్ల వచ్చే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు అనేక రెట్లు పెరుగుతుంది. కనుక ఇంజన్ రూముల్లో, బాయిలర్ల దగ్గర పనిచేసిన వారెవరైనా ఇది చదువుతుంటే, ఆయాసం గాని, వదలని దగ్గు గాని, ఛాతీలో నీరు గాని కనిపించినప్పుడు మీ ఈ.సి.హెచ్.ఎస్. పాలీక్లినిక్ వైద్యునికి "నేను ఓడ ఇంజన్‌లో ఇన్నేళ్ళు పనిచేశాను" అని నోరు తెరిచి చెప్పండి. అడగకపోతే వైద్యునికి తెలియదు. అలాగే ఫిరంగుల, డీజిల్ ఇంజన్ల మోత వల్ల వచ్చిన చెవుడును "వయసు మీద పడింది" అని సరిపెట్టుకోకండి. వినికిడి పరీక్ష చేయించుకోండి. భార్య మాట వినబడటం లేదని మా మాజీ నావికులు చమత్కరిస్తుంటారు గాని, వినికిడి తగ్గితే ఒంటరితనం, దాని వెనుక మతిమరుపు ముప్పు కూడా పెరుగుతాయి.

మరి దామగుండం విషయంలో చింతించవలసినదేమీ లేదా? ఉంది. నా దృష్టిలో అది గాలిలోని తరంగం కాదు, నేల మీది నీరు. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరదలో పదిహేను వేలమంది మరణించారని అంచనా. ఆ తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల మేరకు మూసీ మీద 1920లో ఉస్మాన్ సాగర్, దాని ఉపనది ఈసీ మీద 1927లో హిమాయత్ సాగర్ వెలిశాయి. రెండవదానికి ఏడవ నిజాము కుమారుని పేరు పెట్టారు. వరదను ఆపడానికి కట్టిన చెరువులు తరతరాల నగరానికి తాగునీరిచ్చాయి. వాటికి నీరు అందించేది పడమటి మిట్టభూములు. దామగుండం అడవి మూసీ ఎగువ పరీవాహకంలోనిది. అడవినేల వాననీటిని ఇంకించుకుని నెమ్మదిగా వదులుతుంది. చెట్టు తీసిన నేల మీద వాన అదే రోజు మట్టితో సహా దిగువకు ఉరుకుతుంది. నరికే చెట్లెన్ని అన్న విషయంలో అధికారుల లెక్క, పర్యావరణ ప్రేమికుల లెక్క కలవడం లేదు. రామలింగేశ్వరస్వామి దర్శనానికి అడ్డు ఉండదని నౌకాదళం హామీ ఇచ్చింది, సంతోషమే. నీటికి కూడా అటువంటి హామీ కావాలి.

ఇందుకు మన చెరువుల చరిత్రలోనే ఒక ఆధారం ఉంది. ఈ రెండు జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర కాలుష్య పరిశ్రమలను నిషేధించిన 111 జి.ఓ. 1996 మార్చి 8న వెలువడింది. హిమాయత్ సాగర్ దగ్గర ఒక కర్మాగారం పెట్టదలచిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1999, 2000 సంవత్సరాల్లో ఇచ్చిన తీర్పులు ముందుజాగ్రత్త సూత్రాన్ని వివరించాయి: హాని జరగదని నిరూపించవలసిన భారం మార్పు తెచ్చేవారిదే తప్ప నీరు తాగేవారిది కాదు. 2022లో ప్రభుత్వం 111 జి.ఓ. ఆంక్షలను సడలించింది. దామగుండం ఎటూ ఆ పది కిలోమీటర్ల గీతకు చాలా దూరం. కాని నీరు గీతలను చూసి ప్రవహించదు కదా.

దేశరక్షణకు ఈ కేంద్రం అవసరమని నేను నమ్ముతున్నాను. నీటి అడుగున తొంభైమంది ప్రాణాలు ఒక్క సందేశం మీద ఆధారపడి ఉంటాయని ఘాజీ కథే చెబుతుంది. కాబట్టి నేను అడిగేది కేంద్రాన్ని ఆపమని కాదు. శస్త్రచికిత్సకు ముందు రోగి రక్తపోటు, చక్కెర, మూత్రపిండాల పనితీరు కొలిచి కాగితం మీద వ్రాసుకుంటాము, తరువాత తేడా వస్తే తెలియాలని. స్తంభాలకు విద్యుత్తు ఇవ్వక ముందే పూడూరు గ్రామాల్లో క్షేత్రబలం, బావుల నీటిమట్టం, మూసీ ఈసీ వాగుల్లో వానాకాలపు మట్టిశాతం కొలిచి, తెలుగులో ఆ పంచాయతీ గోడల మీద అంటించాలి. 2027 వచ్చిన తరువాత ఆ కొలతలు తీయడం ఎవరి తరమూ కాదు.