బాత్రూం ఫ్యానుకి సొంత స్విచ్చి

మా మెట్‌పల్లిలో బాత్రూం లైటుకీ, ఎగ్జాస్ట్ ఫ్యానుకీ ఒకే స్విచ్చి పెట్టేస్తుంటారు. ఇది ఒంటి బల్బు రోజుల అలవాటేనని నా అనుమానం.

మా పాత కరీంనగర్ జిల్లాలోనే, సిరిసిల్లలో, 1970లో సహకార విద్యుత్ సంఘం (జనం నోట్లో ‘సెస్’) మొదలైంది. 1988-89లో వచ్చిన కుటీర జ్యోతి కింద పేదల ఇళ్ళకిచ్చింది ఒక్క బల్బు కనెక్షనే. స్నానాలు పెరట్లో, తడకల చాటున... ఆవిరి దానంతటదే పోయేది. దుబాయ్ డబ్బులతో అటాచ్డ్ బాత్రూములొచ్చాక తేమ ఇంట్లోనే ఉండిపోయింది.

స్నానమయ్యాక లైటార్పినా ఫ్యాను ఓ పావుగంట తిరగాలి కదా! దానికి కావల్సింది ఇంకో స్విచ్చి, అక్కణ్ణుంచి ఫ్యానుకో ఫేజు తీగ. న్యూట్రల్ లైటుదే సరిపోతుంది, ఎర్తు మాత్రం మరవద్దు. స్విచ్చి న్యూట్రల్‌లో పెడితే మాత్రం, ఆపేసిన ఫ్యాను తుడవబోయినా షాకు కొట్టొచ్చు. ప్లాస్టరింగుకి ముందే పైపులో ఆ తీగ లాగించండి.