ఎండు తెగులు

కొమ్మ కొన నుంచి మొదలు వైపు క్రమంగా ఎండుతూ వచ్చే జబ్బును తెలుగులో కొమ్మ ఎండు తెగులు అంటారు. ‘ఎండు’ అనే క్రియకూ ‘ఎండ’ అనే నామానికీ ధాతువు ఒకటే. సూర్యుణ్ణి చెప్పే ప్రాచీన తమిళపదం ‘ఎన్ఱు’ కూడా ఈ కుటుంబానిదే. ఈ చుట్టరికం వల్లనేమో, ఎండిన కొమ్మను చూడగానే ఎండనో నీటి కొరతనో తప్పుపట్టడం పరిపాటి. అయితే 2021లో తెలంగాణ అంతటా వేపచెట్ల కొనలు మాడింది వానలు పడ్డాకనే. ఫోమాప్సిస్ అజాడిరాక్టే అనే శిలీంధ్రం, దానికి తోడు లేత చిగుళ్ల రసం పీల్చే టీ దోమ (పేరుకు దోమే గాని నల్లి జాతి పురుగు) అందుకు కారణాలు.

హైదరాబాద్ ఉత్తర శివార్లలోని కౌకూర్ వంటి చోట్ల ఇళ్ల ముందు అందానికి నాటిన లేత చెట్టు ఎండుతున్నప్పుడు, ముందుగా బెరడును గోటితో గీకి, లోపలి పచ్చదనం ఎక్కడ ఆగి గోధుమరంగు ఎక్కడ మొదలైందో గుర్తించాలి. చెట్టంతా ఒక్కసారిగా వాలిపోతే అది వడలు తెగులు, అంటే వేరు నుంచో కాండపు నాళాల నుంచో వచ్చేది కావచ్చు. అప్పుడు కొమ్మలు కత్తిరించి ప్రయోజనం లేదు, పాదు తవ్వి వేళ్లను చూడాలి. కొనలే ఎండితే, పచ్చని భాగం కొంత కలిసేలా కత్తిరించి, ఆ కొమ్మలను కాల్చివేయాలి. మోడులా కనిపించినా, బెరడు కింద పచ్చదనం ఉన్నంతవరకు చెట్టును నరికివేయరాదు.