నాలుగు సెకన్ల దరువు

రాత్రి రెండున్నర. సత్యనారాయణపురంలో మేడ మీద గది. ఫ్యాను చప్పుడు మైకులో పడుతుందని ఆపేశావు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. తెల్లారితే విజయదశమి. కింద రోడ్డు మీద ఎర్రబట్టల భవానీలు దుర్గగుడి వైపు నడిచిపోతున్నారు.

ఆరింటికల్లా పందిరి వాళ్ళకి పాట పంపాలి. పాడటం అయిపోయింది. దరువే కుదరడం లేదు. కంప్యూటర్లో ఏ బీటు వేసినా రేకు డబ్బా మోతే.

నాన్న దాచుకున్న క్యాసెట్టు పెడతావు. 1990 నాటి సినిమా పాట. రెండో చరణానికి ముందు గొంతులు ఆగిపోతాయి, వయొలిన్లు ఆగిపోతాయి. ఢోలక్, డ్రమ్స్ మిగులుతాయి. నాలుగు సెకన్లు. ఒళ్ళు ఝల్లుమంటుంది.

ఆ ముక్క కత్తిరిస్తావు. శ్రుతి దించుతావు. ఢోలక్ ఎడమ మూత ఇప్పుడు మేఘంలా ఉరుముతోంది. చివరి దెబ్బ తెచ్చి ముందు పెడతావు. మధ్యలో ఒక దెబ్బ తీసేసి ఖాళీ వదులుతావు. ఆ ఖాళీలో కాలు దానంతటదే కదులుతుంది. ఇది ఆ పాట కాదు, కొత్తది. ఇందులో నీ పనితనం ఉంది, ఎవరూ కాదనలేరు.

ఫోన్ మోగుతుంది. "అన్నా, అయిందా?"

"అయిపోయిందిరా, పంపుతున్నా."

వేలు మౌస్ మీద ఉంది. ఆగింది.

నాలుగు సెకన్లే కదా, ఎవరడుగుతారు? కానీ ఇన్ని సెకన్ల దాకా వాడుకోవచ్చని 1957 కాపీరైటు చట్టంలో ఎక్కడా లేదు. రికార్డింగు మీద హక్కు 60 ఏళ్ళు. ఈ పాటకి 2050 చివరి దాకా. తెలిసి, డబ్బు కోసం వాడితే ఆరు నెలల నుంచి మూడేళ్ళ జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా. సినిమా పాటలోంచి ఒక చిన్న పాదం వాడుకున్న కేసులో, అది పట్టించుకోదగ్గంత వాడకం కాదని 2012లో ఢిల్లీ హైకోర్టు చెప్పిన మాట నిజమే. నీ పాట అలా కాదు. మొత్తం ఈ దరువు మీదే నిలబడి ఉంది.

మూడుంబావు.

'మాయాబజార్' తీస్తావు. 1957. ఆ రికార్డింగుకి 60 ఏళ్ళు 2017తోనే నిండాయి, తబలా ముక్క తీసుకోవచ్చు. ట్యూను జోలికి మాత్రం పోకూడదు. ట్యూను హక్కు, కట్టినవాళ్ళు పోయాక కూడా 60 ఏళ్ళుంటుంది. మన గుడివాడ పక్క చౌటపల్లిలో పుట్టిన ఘంటసాల పోయింది 1974లో. ఆయన కట్టినవాటికి 2034 దాకా ఆగాలి. వింటావు. గరగర. దరువంతా గొంతుల కింద నలిగిపోయి ఉంది. విడదీయలేవు.

నాలుగు.

మళ్ళీ ఫోన్. ఎత్తవు.

పాత ముక్క పిలుస్తోంది. ఒక్క నొక్కు చాలు.

ధన్. ధన్.

కిటికీలోంచి. స్పీకర్లోంచి కాదు.

మెట్లు దిగి పరుగెత్తుతావు. సందు చివర వరిగడ్డి మంట. డప్పులు కాస్తున్నారు. వేడికి తోలు బిగుసుకుని కంగుమంటోంది.

"బాబాయ్, మీ దరువు రికార్డు చేసుకోవాలి. డబ్బులిస్తాను."

ఆయన నీకేసి చూస్తాడు. "పేరేస్తావా అబ్బాయ్?"

నీకు గ్రెగొరీ కోల్‌మన్ గుర్తొస్తాడు. 1969లో అమెరికాలో విన్‌స్టన్స్ అనే బృందం పాటలో ఆయన డ్రమ్స్ మీద వాయించిన ఏడు సెకన్ల ముక్క వేల పాటల్లోకి వెళ్ళింది. ఆయన చేతికి రాయల్టీ ఏమీ రాలేదు. 2006లో పోయాడు, తలదాచుకోను ఇల్లు లేకుండా.

"వేస్తాను బాబాయ్."

ఒక చేత చిర్ర, ఒక చేత సిటికెన పుల్ల. మైకు పట్టుకున్న నీ చెయ్యి అదురుతుంది. గుండెలో దెబ్బ, దవడలో దెబ్బ. ఆయన కావాలనే అర క్షణం ఆగి కొడతాడు. ఆ ఆగడం ఏ కంప్యూటరుకీ రాదు.

మేడెక్కు. కత్తిరించు. తిప్పు. కలుపు. అదే పనితనం, ఈసారి అడిగి తెచ్చుకున్నది.

అయిదూ యాభై. క్యాసెట్టు అట్ట తిప్పి చూడు. హీరో పేరుంది, కంపెనీ పేరుంది. ఢోలక్ వాయించినాయన పేరు లేదు. వాయించినవాళ్ళకీ హక్కుందని మన చట్టం ఒప్పుకున్నది 1994లో.

నీ పాట కింద మొదటి వరుసలో డప్పు బాబాయ్ పేరు కొట్టు. పది నిమిషాలుంది. ఇప్పుడు పంపు.