బల్లకట్టు నుంచి పాంటూన్ దాకా: పల్నాడు కృష్ణలో ఫ్యాన్ ఎంత లోతులో తిరగాలి?

పల్నాడు అనగానే మీ ఫోన్‌లో వచ్చేవి కారెంపూడి, కోడిపందెం, బ్రహ్మనాయుడు, నాగమ్మ. అవి మీకు ఈపాటికే వచ్చేస్తున్నాయి కాబట్టి ఈ ఎపిసోడ్‌లో వాటి జోలికి వెళ్ళను. ఇవాళ మన సబ్జెక్టు ఒక ఫ్యాన్. గదిలో తిరిగేది కాదు, నీళ్ళలో తిరిగేది. బోటు వెనక ఉండే ప్రొపెల్లర్. అది ఎంత లోతులో ఉండాలి, ఎలాంటిది ఉండాలి అనే ప్రశ్నకి మన కృష్ణ ఒడ్డున పెద్ద చరిత్ర ఉంది.

ముందు పాంటూన్ బోటు అంటే ఏంటో చూద్దాం. రెండు పొడవాటి గొట్టాలు, లోపల గాలి. వాటి మీద బల్లపరుపుగా ఒక వేదిక, చుట్టూ రెయిలింగ్, వెనక ఒక మోటారు. రిజర్వాయర్ల దగ్గర టూరిస్టుల్ని తిప్పే బోట్లలో ఈ రకం మీరు చూసే ఉంటారు. దీన్ని కనిపెట్టింది అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రానికి చెందిన ఆంబ్రోస్ వీరెస్ అనే రైతు అని చెబుతారు. 1950ల మొదట్లో ఇనుప డ్రమ్ముల మీద చెక్క వేదిక బిగించి చెరువులోకి దించాడు. బాగా తేలింది, కంపెనీ పెట్టాడు. ఆ మాట నిజమే.

కానీ ఇదే మాట మాచవరం మండలం గోవిందాపురం వెళ్ళి చెప్పి చూడండి, నవ్వుతారు. ఎందుకంటే అక్కడ ఉన్నది బల్లకట్టు. రెండు పడవలు పక్కపక్కన పెట్టి, మీద బల్లలు కట్టి, దాని మీద ఆటో, ట్రాక్టరు, గేదెలు, మనుషులు, ఒక్కోసారి లారీ కూడా ఎక్కించి ఏరు దాటిస్తారు. దాచేపల్లి మండలం రామాపురం, అచ్చంపేట మండలం మాదిపాడు రేవుల్లోనూ అంతే. మాదిపాడు నుంచి అవతలికి దాటితే ముక్త్యాల. ఈ రేవులకి జిల్లా పరిషత్ వేలంపాట పెట్టేది, పాడుకున్నవాళ్ళు నడిపేవాళ్ళు. పేరులోనే డిజైన్ ఉంది చూడండి: బల్ల, కట్టు. పాంటూన్ బోటుకి ఇంతకన్నా మంచి తెలుగు మాట నాకైతే దొరకలేదు.

ఇంకా వెనక్కి వెళ్దాం. తెలుగులో సంగడి అని ఒక పాత మాట ఉంది. దగ్గరితనం, జత అని అర్థం. సంగడికాడు అంటే స్నేహితుడు. జతగా కట్టిన పడవలకి కూడా సంగడి అనే పేరుంది. ఇప్పుడు అసలు విషయం వినండి. క్రీస్తుశకం ఒకటో శతాబ్దంలో ఒక గ్రీకు నావికుడు రాసిన పెరిప్లస్ అనే పుస్తకంలో మన తూర్పు తీరం పడవల ప్రస్తావన ఉంది. దుంగల్ని కలిపి కట్టిన పెద్ద పడవల్ని అతను ‘సంగర’ అన్నాడు. ఆ మాటకి మన దక్షిణాది భాషల్లోని సంగడి లాంటి మాటలకి చుట్టరికం ఉందని పండితులు చెబుతారు. అంటే జంట పడవ ఆలోచనకి రెండు వేల ఏళ్ళ వయసు. డ్రమ్ముల ఆలోచనకి డెబ్బై చిల్లర.

ఎందుకు రెండు? ఒకటే పెద్ద పడవ చాలదా? చాలదు. సన్నటి పడవ మీద లారీ ఎక్కిస్తే బరువంతా పైన ఉంటుంది, కొంచెం పక్కకి ఒరిగితే చాలు తిరగబడుతుంది. రెండు పడవల్ని దూరంగా పెట్టి కట్టారనుకోండి, ఒక పక్కకి ఒరిగినప్పుడు ఆ పక్క పడవ ఇంకాస్త మునిగి ఎదురు తన్నుతుంది. మంచానికి కాళ్ళు దూరంగా ఉంటేనే కదా ఊగకుండా ఉండేది.

కృష్ణ సంగతికి వద్దాం. పల్నాడులో కృష్ణ గోదావరిలాగా మెత్తగా పారే నది కాదు. అడుగంతా బండ. ఎండాకాలంలో రాళ్ళు బయటపడతాయి, వానాకాలంలో అవే రాళ్ళ మీద సుడులు తిరుగుతాయి. అందుకే ఈ నదిలో పాతకాలం నుంచి నడిచింది లోతు అవసరం లేని పడవలు. పుట్టి చూసుంటారు, వెదురు బుట్టకి తోలు కప్పింది. తుంగభద్ర మీద ఇలాంటి బుట్ట పడవల్లో మనుషుల్నే కాదు, గుర్రాల్ని కూడా దాటించేవాళ్ళని 1520ల ప్రాంతంలో విజయనగరం వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ రాశాడు. పుట్టికి తెడ్డు, బల్లకట్టుకి గడ. గడ అంటే పొడవాటి వెదురు బొంగు, అడుగుని పొడిచి నెట్టడానికి. గడలో ఉన్న గొప్పతనం ఏంటంటే, అది నెడుతూనే లోతు కూడా కొలుస్తుంది. ఎంత నీళ్ళు ఉన్నాయో చేతికి తెలిసిపోతుంది. మోటారు వచ్చాక మనం పోగొట్టుకున్నది ఇదే.

ఒక చిన్న పక్కదారి, తప్పదు. మాచర్ల పక్కన ఇప్పుడు నాగార్జునసాగర్ జలాశయం ఉన్నచోట మూడో శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో జరిగిన తవ్వకాల్లో కృష్ణ ఒడ్డున రాతిమెట్ల స్నానఘట్టం కూడా బయటపడింది. అక్కడి శాసనాల్లో కంటకశైల, అంటే దివిసీమ వైపున్న ఘంటసాల ప్రస్తావన ఉంది, తామ్రపర్ణి ద్వీపం, అంటే శ్రీలంక పేరూ ఉంది. సముద్రం వైపు చూస్తున్న ఊరు అది. దాని లోయ ఇప్పుడు నీళ్ళ కింద ఉంది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ గారు డ్యాంకి శంకుస్థాపన చేశారు. ఆ తర్వాత బండల నది కాస్తా లోతైన సరస్సు అయిపోయింది. గడ అందని లోతు. అలాంటి చోట మోటారు తప్పదు. విజయపురి సౌత్ నుంచి నాగార్జునకొండకి వెళ్ళే లాంచీలు అలా వచ్చినవే.

మరి ఈ నీళ్ళలో తిరిగే ఫ్యాన్ ఎక్కడిది? 1830ల్లో ఇంగ్లండ్‌లో ఫ్రాన్సిస్ పెటిట్ స్మిత్ అనే ఆయన చెక్కతో పొడవాటి మర లాంటిది చేసి ఒక చిన్న పడవకి బిగించాడు. 1837లో కాలువలో నడుపుతుంటే అది దేనికో తగిలి సగం విరిగిపోయింది. పని అయిపోయింది అనుకునేలోపు పడవ ఇంకా వేగంగా పోయింది! పొడవాటి మర కన్నా పొట్టి మర మేలని అలా తెలిసింది. ప్రొపెల్లర్ చరిత్రలో మొదటి పాఠమే అది, పెద్దది పెడితే ఎక్కువ తోస్తుందనుకోవడం తప్పు అని.

బోటు వెనక తగిలించుకునే మోటారుని జనానికి చేర్చింది నార్వేలో పుట్టి అమెరికాలో పెరిగిన ఓలె ఎవిన్‌రూడ్. ఎండలో తెడ్డేసుకుంటూ ఐస్‌క్రీమ్ తేబోతే దారిలోనే కరిగిపోయిందని, ఆ చిరాకులో మోటారు ఆలోచన వచ్చిందని కథ చెబుతారు. 1909లో అమ్మకానికి పెట్టాడు. ఒకటిన్నర హార్స్‌పవర్. ఇవాళ్టి బైకుతో పోలిస్తే ఏమీ కాదు.

ఈ అవుట్‌బోర్డ్ మోటారులో ఇంజిన్ పైన, కాలు లాంటి గొట్టం కింద, చివర ఫ్యాన్. ఫ్యాన్‌కి సరిగ్గా పైన అడ్డంగా ఒక రేకు ఉంటుంది. దాని పని ఒక్కటే, పైనున్న గాలిని ఫ్యాన్ కిందికి లాక్కోకుండా ఆపడం. మోటారు ఎత్తు చూసేటప్పుడు మెకానిక్ కళ్ళు దీని మీదే ఉంటాయి. బోటు నడుస్తున్నప్పుడు ఆ రేకు నీటి మట్టానికి కాస్త కింద ఉండాలి.

మోటారు మరీ పైకి ఉంటే ఫ్యాన్ గాలి పీలుస్తుంది. ఇంజిన్ ఒక్కసారిగా గీ... అని అరుస్తుంది, బోటు మాత్రం కదలదు. బురదలో ఇరుక్కున్న బైకు వెనక చక్రంలాగా అన్నమాట. ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఇంజిన్‌ని చల్లార్చే నీళ్ళు లోపలికి వెళ్ళే రంధ్రాలు కూడా ఆ కాలులోనే ఉంటాయి. అవి నీళ్ళు దాటి పైకొస్తే ఇంజిన్ వేడెక్కి చస్తుంది. అందుకే మోటారు వెనక సన్నగా చిమ్మే నీటి ధార పడుతోందా లేదా అని నడిపేవాళ్ళు చూసుకుంటూ ఉంటారు. మరీ కిందకి ఉంటే? కాలంతా నీళ్ళలో ఈడ్చుకుంటూ పోవాలి, పెట్రోలు తాగుతుంది, వెనక నీళ్ళు ఎగజిమ్ముతాయి. మన దగ్గరైతే ఇంకోటి, బండ తగులుతుంది.

పాంటూన్ బోటుకి, బల్లకట్టుకి ఉన్న అసలు తలనొప్పి ఏంటంటే, బరువుని బట్టి మునక మారిపోతుంది. చిన్న లెక్క వేద్దాం, ఫోన్‌లో కాలిక్యులేటర్ అక్కర్లేదు. పది మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు ఉన్న చదునైన పడవలు రెండు అనుకోండి. నీటిని తాకే వైశాల్యం మొత్తం 40 చదరపు మీటర్లు. అది ఒక్క సెంటీమీటరు మునగాలంటే 400 కిలోల బరువు ఎక్కాలి. పది టన్నుల లారీ ఎక్కితే? 25 సెంటీమీటర్లు. అంటే లారీతో వెళ్ళేటప్పుడు ఫ్యాన్ జానెడుకి పైగా లోతులో ఉంటుంది, ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు అంతే పైకి వచ్చేస్తుంది. నిండు బల్లకట్టుకి ఎత్తు కుదిర్చి, ఆ ఎత్తుతోనే ఖాళీగా వస్తే నది మధ్యలో ఫ్యాన్ గాలి పీలుస్తుంది. అందుకే నా లెక్క ఇదీ: ఎత్తు ఖాళీ బోటుకి చూసుకోవాలి, ఫ్యాన్ నిండు బోటుకి చూసుకోవాలి.

కొన్నిచోట్ల బల్లకట్టుకి మోటారు బిగించకుండా పక్కన ఇంజిన్ పడవ కట్టి లాగించడం చూసి ‘ఇదేం పాత పద్ధతి’ అనుకుంటారు చాలామంది. నాకైతే అది తెలివైన పనే అనిపిస్తుంది. లారీ బరువు బల్లకట్టు మీద పడుతుంది, ఇంజిన్ పడవ మీద పడదు. దాని మునక మారదు, ఫ్యాన్ లోతూ మారదు.

ఎత్తు ఎలా మారుస్తారంటే, మోటారు బిగించే చోట ఒకదాని కింద ఒకటి బోల్టు రంధ్రాలు ఉంటాయి, సుమారు ముప్పావు అంగుళం ఎడంలో. ఒక్కో రంధ్రం మార్చి, నీళ్ళలో నడిపి చూడటమే. మలుపులో కూడా చూడాలి, తిన్నగా పోయేటప్పుడు బాగున్న మోటారు మలుపులో గాలి లాగేయొచ్చు.

ఫ్యాన్ మీద రెండు అంకెలు ఉంటాయి. మొదటిది అడ్డంగా ఎంత వెడల్పు, రెండోది పిచ్, రెండూ అంగుళాల్లో. పిచ్ అంటే ఫ్యాన్ ఒక చుట్టు తిరిగితే, మర చెక్కలో దిగినట్టు, నీళ్ళలో ఎంత ముందుకి పోవాలో ఆ దూరం. 12 పిచ్ అంటే చుట్టుకి ఒక అడుగు. ఇంజిన్ నిమిషానికి 5000 చుట్లు, గేర్ రెండుకి ఒకటి అయితే ఫ్యాన్ 2500 చుట్లు. నిమిషానికి 2500 అడుగులు, గంటకి దాదాపు 46 కిలోమీటర్లు. కాగితం మీద! నీళ్ళు చెక్క కాదు, జారతాయి. బరువైన పాంటూన్‌లో మూడో వంతు దాకా జారుడులోనే పోవచ్చు.

బైకు గేరులాగే ఆలోచించండి. పిచ్ ఎక్కువ అంటే టాప్ గేరు, తక్కువ అంటే ఫస్ట్ గేరు. ముగ్గురిని ఎక్కించుకుని ఘాట్ రోడ్డు ఎక్కుతూ టాప్ గేరు వేస్తే బండి ఏడుస్తుంది. జనం నిండిన పాంటూన్‌కి పెద్ద పిచ్ పెట్టినా అంతే. పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే ఇంజిన్ చుట్లు నిమిషానికి 150 నుంచి 200 దాకా పెరుగుతాయి. నిండు బరువుతో ఫుల్ థ్రాటిల్ ఇచ్చినప్పుడు ఇంజిన్ పుస్తకంలో రాసిన చుట్ల హద్దుల్లోకి రావాలి, ఖాళీగా పోయినప్పుడు ఆ హద్దు దాటకూడదు. మూడు రెక్కల బదులు నాలుగు రెక్కలది పెడితే వేగం కాస్త తగ్గినా నీటి మీద పట్టు పెరుగుతుంది. నిదానంగా జనాన్ని మోసే బోటుకి కావలసింది ఆ పట్టే. ఇక అల్యూమినియమా, స్టీలా? సాగర్ వెనక జలాలకి నన్ను అడిగితే అల్యూమినియం అంటాను. జలాశయం పూర్తి మట్టం 590 అడుగులు, కరువు ఏళ్ళలో 510 దాకా దిగింది. ఎనభై అడుగుల తేడా! నిన్నటి దాకా లోతున్న చోట ఇవాళ బండ ఉంటుంది. అల్యూమినియం రెక్క తగిలితే వంగుతుంది, కొత్తది వేసుకోవచ్చు. స్టీలు రెక్క వంగదు సరే, ఆ దెబ్బ లోపల గేరుకి చేరొచ్చు, అప్పుడు ఖర్చు చూడాలి.

ఫ్యాన్ ఎంపిక చిన్న విషయం అనిపిస్తే చార్లెస్ పార్సన్స్‌ని గుర్తు పెట్టుకోండి. 1894లో టర్బీనియా అనే ఓడ కట్టాడు, కొత్త ఆవిరి టర్బైన్ పెట్టాడు. ఇంజిన్ అద్భుతం, ఓడ మాత్రం అనుకున్న వేగం అందుకోలేదు. ఫ్యాన్ మరీ వేగంగా తిరిగి చుట్టూ నీటినే బుడగలుగా మార్చేస్తోందని నీటి తొట్టిలో పరీక్షలు చేసి తెలుసుకున్నాడు. ఒక షాఫ్ట్ తీసేసి మూడు పెట్టాడు, ఒక్కోదానికి మూడు ఫ్యాన్లు, మొత్తం తొమ్మిది. 1897లో బ్రిటిష్ నౌకాదళ ప్రదర్శనలో ఆ ఓడని పట్టుకునే పడవ లేకపోయింది. టర్బైన్‌నీ మార్చాడు, ఫ్యాన్లనీ మార్చాడు.

ఇప్పుడు మీకు నేరుగా సంబంధించిన సంగతి. 2017 నవంబర్ 12న ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో, 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర బోట్లు మునిగాయి. మొదటిదాంట్లో ఇరవై మందికి పైగా, రెండోదాంట్లో అంతకంటే చాలా ఎక్కువమంది పోయారు. ఆ ప్రమాదాలు ఫ్యాన్ వల్ల జరిగాయని నేను అనట్లేదు. నేను చెప్పేది బరువు సంగతి. పాంటూన్ బోటు ఎక్కగానే మనం ఏం చేస్తాం? అందరం ముందు రెయిలింగ్ దగ్గర చేరి సెల్ఫీ. ముందు భాగం దిగుతుంది, వెనక భాగం లేస్తుంది, దాంతో ఫ్యాన్ లేస్తుంది. సరిగ్గా అప్పుడే ప్రవాహంలో బోటు తిప్పాల్సి వస్తే, మోటారు అరుస్తుంది కానీ తోయదు, తోయని బోటు తిరగదు. అవుట్‌బోర్డ్‌లో చుక్కాని అంటూ విడిగా ఉండదు, ఫ్యాన్ తోసే తోపే చుక్కాని. నడిపే అన్న ‘వెనక్కి జరగండమ్మా’ అని కసిరితే కోపం తెచ్చుకోకండి, ఆయన ఇంజిన్ చప్పుడు విని చెబుతున్నాడు. లైఫ్ జాకెట్ బకిల్ పెట్టుకున్నారా, నడిపేవాళ్ళ చేతికి ఇంజిన్ ఆపే తాడు కట్టి ఉందా, ఈ రెండూ మీరే చూసుకోవచ్చు.

బల్లకట్టు రేవుల పరిస్థితి కూడా ఒక మాట. 2013లో పులిచింతల ప్రాజెక్టు జాతికి అంకితమైంది, 45.77 టీఎంసీలు. గోవిందాపురం, రామాపురం దానికి పైన, నిలవ నీళ్ళలో. మాదిపాడు దానికి దిగువన, గేట్లు వదిలినప్పుడల్లా మట్టం మారే నీళ్ళలో. ఒకే నది, ఒకే రకం బల్లకట్టు, కానీ పైన కుదిరిన మోటారు ఎత్తు కింద కుదరకపోవచ్చు. వరద వస్తే రేవు మూసేస్తారు. అప్పుడు పొందుగుల వంతెన మీదుగానో, బెజవాడ మీదుగానో చుట్టు తిరగాలి. మాదిపాడులో వంతెన కావాలని జనం ఎప్పటినుంచో అడుగుతున్నారు. అది పూర్తయ్యేదాకా అవతల పొలం ఉన్న రైతుకి ఆ రెండు పడవలు, వాటి కింద తిరిగే ఆ ఫ్యానే రోడ్డు.