పండోరా వేట

1790 నవంబరు 7న ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్ రేవులో పండోరా అనే యుద్ధనౌక లంగరు ఎత్తింది. ఓడ మీద 24 ఫిరంగులు, 134 మంది మనుషులు. భూగోళానికి అటు పక్కన, పసిఫిక్ మహాసముద్రంలో ఎక్కడో తలదాచుకున్న పాతికమందిని పట్టి తేవడం వాళ్ళకు అప్పగించిన పని. ఆ పాతికమంది ఏ దీవిలో ఉన్నారో ఎవరికీ తెలియదు. అసలు బతికున్నారో లేదో కూడా తెలియదు. ఆ సముద్రంలోని చాలా దీవులు అప్పటికి ఏ పటంలోనూ లేవు. పటానికెక్కిన వాటిలో కొన్ని ఉండవలసిన చోట లేవు. ఈ రెండో సంగతే చివరికి వేట ఫలితాన్ని తేల్చింది.

పండోరా కెప్టెన్ పేరు ఎడ్వర్డ్ ఎడ్వర్డ్స్. తిరుగుబాటు అంటే ఏమిటో ఆయన కళ్ళారా చూసినవాడు. 1782లో, ఆయన కెప్టెన్‌గా ఉన్న నార్సిసస్ ఓడను స్వాధీనం చేసుకోవాలని నావికులు కొందరు ప్రయత్నించి దొరికిపోయారు. విచారణ జరిగి ఆరుగురిని ఉరి తీశారు. ఎనిమిదేళ్ళ తర్వాత, ఓడను ఎత్తుకుపోయినవాళ్ళను వెతికే పనికి నౌకాదళం ఈయననే ఎంచుకుంది.

ఆ ఎత్తుకుపోయిన ఓడ బౌంటీ. దాని ప్రయాణం వెనక ఉన్నది యుద్ధం కాదు, తిండి లెక్క. కరీబియన్ దీవుల్లో బ్రిటిష్ తోటల యజమానులు తమ బానిసలకు చవకగా కడుపు నింపే పంట కోసం చూస్తున్నారు. తహితి దీవిలో విరగకాసే సీమపనస మొక్కలు తెచ్చి నాటితే పని జరుగుతుందని జోసెఫ్ బ్యాంక్స్ వంటి పెద్దలు చెప్పారు. 1787 డిసెంబరులో లెఫ్టినెంట్ విలియం బ్లై నాయకత్వంలో బౌంటీ బయలుదేరి, మరుసటి ఏడాది అక్టోబరుకు తహితి చేరింది. మొక్కలు కుండీల్లో వేళ్ళూనేదాకా ఐదు నెలలు అక్కడే ఉండిపోవలసి వచ్చింది. నావికులు ఊరివాళ్ళతో కలిసిపోయారు, కొందరు కాపురాలు పెట్టారు. 1789 ఏప్రిల్‌లో వెయ్యికి పైగా మొక్కలతో ఓడ మళ్ళీ కదిలేసరికి, ఆ జీవితాన్ని వదిలి బ్లై తిట్ల కింద బతకడం చాలామందికి కష్టమైంది.

బ్లై కొరడా కంటే నోరు ఎక్కువ బాధపెట్టేది. ఏప్రిల్ 27న కొబ్బరికాయలు తగ్గాయని, ఆఫీసర్లే దొంగలని అందరి ముందూ నిందించాడు. ఎక్కువ అవమానపడినవాడు ఫ్లెచర్ క్రిస్టియన్. వయసు 24. ఓడలో బ్లై తర్వాతి స్థానంలో పనిచేస్తున్నవాడు, అంతకు ముందు బ్లైకి ఇష్టుడు. మర్నాడు తెల్లవారకముందే క్రిస్టియన్, మరికొందరు బ్లైని పక్క మీద నుంచి లేపి చేతులు కట్టేశారు. బ్లైని, 18 మందిని 23 అడుగుల పడవలోకి దించి వదిలేశారు. బౌంటీలో 25 మంది మిగిలారు. వాళ్ళందరూ తిరుగుబాటుదారులు కారు. పడవలో చోటు లేక కొందరు ఉండిపోయారు. వడ్రంగి పని, కమ్మరి పని తెలిసినవాళ్ళను క్రిస్టియన్ మనుషులే దిగనివ్వలేదు.

బ్లై చచ్చిపోతాడనే అందరూ అనుకుని ఉంటారు. ఆయన ఆ చిన్న పడవలోనే సుమారు 6,700 కిలోమీటర్లు దాటి తిమోర్ దీవిలోని కుపాంగ్ చేరాడు. 1790 మార్చిలో ఇంగ్లండులో అడుగుపెట్టి జరిగినదంతా చెప్పాడు. ఎవరెవరిని బలవంతంగా ఓడలో ఉంచారో కూడా చెప్పాడు. పండోరా ప్రయాణం ఆ కబురుతోనే మొదలైంది.

ఈలోగా క్రిస్టియన్ ఖాళీగా లేడు. మొదట టుబువాయ్ దీవిలో కోట కట్టబోయి, అక్కడివాళ్ళతో పోరాటాలు తప్పక వదిలేశాడు. మళ్ళీ తహితి వచ్చాడు. 16 మంది అక్కడే ఉంటామన్నారు. తహితి వైపు ఇంగ్లండు ఓడ ఏదో ఒక రోజు వస్తుందని క్రిస్టియన్‌కు తెలుసు. ఎనిమిదిమంది సహచరులను, ఆరుగురు పాలినేషియన్ పురుషులను, కొంతమంది స్త్రీలను వెంటబెట్టుకుని 1789 సెప్టెంబరులో చీకటి వేళ తెరచాప ఎత్తాడు. స్త్రీలలో చాలామందికి ఓడ కదిలేదాకా తాము వెళ్ళిపోతున్నామనే తెలియదు.

అతనికి ఉపయోగపడిన వస్తువులు రెండు. ఒకటి బ్లై పుస్తకాల్లో దొరికిన సముద్రయానాల గ్రంథం. 1767లో కెప్టెన్ ఫిలిప్ కార్టెరెట్ చూసిన పిట్‌కేర్న్ అనే దీవి వర్ణన అందులో ఉంది. నిటారైన కొండ, ఒడ్డున విరుచుకుపడే అలలు, దిగడానికి వీల్లేని తీరం. రెండోది లార్కమ్ కెండాల్ తయారు చేసిన కే2 అనే నౌకా గడియారం. అరచేతిలో నిండుగా పట్టే పెద్ద జేబు గడియారంలా ఉంటుంది. ఓడ ఎంత ఊగినా లండన్ సమయాన్ని తప్పకుండా చూపడం దాని పని. నడినెత్తిన సూర్యుడు వచ్చే వేళకు, ఈ గడియారం చూపే వేళకు ఉన్న తేడాను బట్టి ఓడ ఏ రేఖాంశం మీద ఉందో లెక్కకడతారు. గంట తేడా వస్తే 15 డిగ్రీలు. కార్టెరెట్ దగ్గర అలాంటి గడియారం లేదు. అందుకే ఆయన అక్షాంశం దాదాపు సరిగానే రాశాడు గాని, రేఖాంశం మూడు డిగ్రీలు తప్పాడు. పిట్‌కేర్న్ పటంలో ఒకచోట ఉంది, సముద్రంలో సుమారు 300 కిలోమీటర్ల దూరాన మరోచోట ఉంది. 1773లో జేమ్స్ కుక్ అంతటివాడు వెతికి కూడా దాన్ని కనుక్కోలేకపోయాడు.

పటంలో చెప్పిన చోట దీవి లేకపోయేసరికి క్రిస్టియన్ అదే అక్షాంశం పట్టుకుని వెతుక్కుంటూ పోయాడు. 1790 జనవరి 15న కొండ కనబడింది. దొరకకూడదనుకునేవాడికి అంతకంటే మంచి చోటు లేదు. పనికొచ్చే సామానంతా దించుకుని జనవరి 23న బౌంటీని తగలబెట్టారు. పండోరా ఇంగ్లండులో బయలుదేరడానికి అప్పటికి తొమ్మిదిన్నర నెలల టైముంది.

ఎడ్వర్డ్స్ కేప్ హార్న్ చుట్టి 1791 మార్చి 4న ఈస్టర్ దీవిని చూశాడు. అక్కడి నుంచి పడమరగా వస్తూ మార్చి 16న ఒక పగడపు దీవిని చూసి దానికి డ్యూసీ అని పేరు పెట్టాడు. పిట్‌కేర్న్ అక్కడికి కొన్ని వందల కిలోమీటర్లే. అదే దారిన ఇంకొంచెం ముందుకు పోయుంటే వేట ఆ నెలలోనే ముగిసేదేమో. కాని ఆయన ఉత్తరానికి మళ్ళి తహితి వైపు సాగాడు. క్రిస్టియన్‌కు అంత దగ్గరగా మళ్ళీ ఎప్పుడూ రాలేదు.

మార్చి 23న పండోరా తహితి చేరింది. లంగరు పడకముందే ఓడ దగ్గరికి వచ్చినవాడు బౌంటీ కమ్మరి జోసెఫ్ కోల్మన్. ఇష్టం లేకుండా ఆగిపోయినవాళ్ళలో అతనొకడు. ఇంటికి తీసుకుపోయే ఓడ వచ్చిందన్న సంతోషంతో వచ్చాడు. ఆ తర్వాత తిరుగుబాటు నాటికి 16 ఏళ్ళున్న పీటర్ హేవుడ్, జార్జ్ స్టూవర్ట్ తమంతట తామే పడవ వేసుకుని వచ్చారు. ఓడలో వాళ్ళకు తెలిసిన మొహం ఒకటుంది. బ్లైతో పడవలో వెళ్ళి బతికి బయటపడ్డ థామస్ హేవర్డ్ ఇప్పుడు పండోరాలో లెఫ్టినెంట్. పాత స్నేహితుల్ని అతను ఆదరంగా పలకరించలేదు. వచ్చినవాళ్ళను వచ్చినట్టే సంకెళ్ళలో వేశారు. తహితిలో ఉండిపోయిన 16 మందిలో ఇద్దరు అప్పటికే హత్యకు గురయ్యారు. మిగిలిన 14 మందీ కొన్ని వారాల్లో దొరికారు. పారిపోయినవాడికీ, ఎదురొచ్చినవాడికీ, బలవంతంగా ఆగినవాడికీ ఎడ్వర్డ్స్ తేడా చూపలేదు.

వాళ్ళను ఉంచడానికి డెక్కు వెనక భాగం మీద చెక్కతో ఒక గది కట్టించాడు. 18 అడుగుల వెడల్పు, 11 అడుగుల పొడవు. లోపల 14 మంది, కాళ్ళకు చేతులకు ఇనుము. లోపలికి పోవడానికి పైకప్పులో 20 అంగుళాల చదరపు కంత, దానికి బయట నుంచి గడియ. ఉష్ణమండలపు ఎండలో లోపలి మనుషుల చెమట డెక్కు మీద కాలువ కట్టేది. పురుగులు పట్టేవి. దానికి పండోరా పెట్టె అని పేరు పడిపోయింది. ఓడ తహితిలో ఉన్నన్నాళ్ళూ ఖైదీల భార్యలు చంటిబిడ్డల్ని ఎత్తుకుని పడవల మీద వచ్చి, తమ ఆచారం ప్రకారం తలలు గాయపరచుకుని ఏడ్చేవారు.

మే 8న పండోరా మళ్ళీ కదిలింది. మూడు నెలలకు పైగా దీవి వెంట దీవి గాలించారు. పామర్‌స్టన్ దీవిలో బౌంటీ పేరు చెక్కిన తెరచాప దూలం ఒకటి దొరికింది. అది ఎక్కడి నుంచో కొట్టుకొచ్చిందని తేలింది. ఆ దీవి దగ్గరే ఐదుగురితో ఒక చిన్న పడవ గల్లంతైంది, వాళ్ళు మళ్ళీ కనబడలేదు. సమోవా దగ్గర తొమ్మిదిమందితో వెంట వస్తున్న చిన్న ఓడ విడిపోయింది. వాళ్ళు నెలల తర్వాత జావా చేరుకున్నారు. ఆగస్టు 13న వానికోరో దీవి మీద పొగ కనబడింది. దాక్కున్నవాళ్ళు పొగ పెట్టి తమ ఉనికి చాటుకోరు గనుక ఎడ్వర్డ్స్ ఆగలేదు. 1788లో మాయమైన ఫ్రెంచి నావికుడు లాపెరూజ్ ఓడలు పగిలింది ఆ దీవి దగ్గరేనని తర్వాత తెలిసింది. ఆ ఓడల వాళ్ళు ఇంకా బతికుండి సాయం కోసం ఎదురుచూస్తూ ఉండి ఉండవచ్చు.

ఆగస్టు 28 సాయంత్రం, ఆస్ట్రేలియా ఈశాన్యాన గ్రేట్ బ్యారియర్ రీఫ్‌లో దారి వెతుకుతుండగా పండోరా పగడపు దిబ్బకు కొట్టుకుంది. రాత్రంతా నీళ్ళు తోడారు. ఆ పనికి ముగ్గురు ఖైదీలను విడిచారు. మిగిలినవాళ్ళు ప్రాణభయంతో సంకెళ్ళు విరగ్గొట్టుకుంటే, ఎడ్వర్డ్స్ వాళ్ళకు మళ్ళీ వేయించాడు. తెల్లవారేసరికి ఓడ ఒరిగిపోయింది. చివరి నిమిషాల్లో సంకెళ్ళు ఊడదీయడానికి ఒకణ్ణి లోపలికి దించారు. అతను పని ముగించకముందే పైన గడియ పడిపోయింది. ఓడ మునుగుతోంది. అప్పుడు విలియం మౌల్టర్ అనే సాధారణ నావికోద్యోగి, వాళ్ళను విడిపిస్తాను లేదా వాళ్ళతోనే మునుగుతాను అంటూ పెట్టె మీదికి పాకి గడియ లాగేశాడు. పదిమంది బతికి బయటపడ్డారు. స్టూవర్ట్, సమ్నర్, స్కిన్నర్, హిల్‌బ్రాంట్ పోయారు. వాళ్ళలో ఇద్దరికి ఇనుము ఊడలేదు. ఓడ మనుషులు 31 మంది మునిగిపోయారు. ఆ ప్రాంతంలోని ఒక ఇసుకదిబ్బకు ఇప్పుడు మౌల్టర్ పేరుంది.

బతికినవాళ్ళు ఒక చిన్న ఇసుకతిన్నె చేరారు. ఖైదీల ఒంటి మీద బట్టలు లేవు. నెలల తరబడి ఎండ తగలని చర్మం బొబ్బలెక్కింది. నీడకు పాత తెరచాప గుడ్డ అడిగితే ఎడ్వర్డ్స్ ఇవ్వలేదు. వాళ్ళు మెడలదాకా ఇసుకలో పూడ్చుకుని కాపాడుకున్నారు. అక్కడి నుంచి నాలుగు పడవల్లో సుమారు 2,000 కిలోమీటర్లు ప్రయాణించి సెప్టెంబరు మధ్యలో కుపాంగ్ చేరారు. అక్కడ సిడ్నీ ఖైదు శిబిరం నుంచి పడవలో పారిపోయి వచ్చిన మేరీ బ్రయంట్ కుటుంబమూ, వాళ్ళతో వచ్చిన మరో ఏడుగురూ దొరికారు. ఎడ్వర్డ్స్ వాళ్ళనూ బందీలుగా తీసుకున్నాడు. మేరీ భర్త, ఇద్దరు బిడ్డలూ ఇంగ్లండు చేరకముందే చనిపోయారు.

1792 సెప్టెంబరులో పోర్ట్స్‌మత్‌లో కోర్టు మార్షల్ జరిగింది. బ్లై రెండోసారి సీమపనస కోసం వెళ్ళి ఉన్నందున విచారణకు రాలేదు. కోల్మన్‌తో సహా నలుగురు నిర్దోషులని తేలింది. వాళ్ళలో మైకేల్ బర్న్ దాదాపు చూపులేని వాయులీన వాద్యకారుడు. దోషులుగా తేలిన ఆరుగురిలో హేవుడ్, మోరిసన్‌లకు రాజు క్షమాభిక్ష దొరికింది. మస్ప్రట్ చట్టంలోని ఒక లొసుగు వల్ల బయటపడ్డాడు. ఎలిసన్, బర్కిట్, మిల్వర్డ్‌లను అక్టోబరు 29న ఉరి తీశారు. ఆ ముగ్గురికీ పెద్ద కుటుంబాల అండ లేదు. హేవుడ్‌కు ఉంది.

ఇక క్రిస్టియన్. 1808 ఫిబ్రవరిలో సీల్ జంతువుల వేటకు వచ్చిన అమెరికన్ ఓడ టోపాజ్ కెప్టెన్ మేహ్యూ ఫోల్జర్ పిట్‌కేర్న్ దగ్గర పొగ చూసి ఆగాడు. ఇంగ్లీషులో మాట్లాడే కుర్రాళ్ళు పడవలో ఎదురొచ్చారు. తిరుగుబాటుదారుల్లో బతికున్నది జాన్ ఆడమ్స్ ఒక్కడే. క్రిస్టియన్ 1793లోనే చనిపోయాడు. చంపింది ఇంగ్లండు చట్టం కాదు. వెంట తెచ్చిన పాలినేషియన్ పురుషులకు భూమి ఇవ్వక, బానిసలుగా చూసి, వాళ్ళ స్త్రీలను లాక్కోవడంతో వాళ్ళు తిరగబడ్డారు. ఒక్క రోజులో ఐదుగురు తిరుగుబాటుదారులు హతమయ్యారు. చివరికి ఆ ఆరుగురు పాలినేషియన్లలోనూ ఎవరూ మిగల్లేదు. బ్లై మాటలకు మనసు విరిగినవాడు, తన చేతికింద ఉన్నవాళ్ళ బాధ చూడలేకపోయాడు. కే2 గడియారాన్ని ఆడమ్స్ ఫోల్జర్‌కు ఇచ్చాడు. అది చేతులు మారి మారి చివరికి ఇంగ్లండు చేరింది. ఇప్పుడు గ్రీనిచ్‌లో ఉంది. పండోరా శిథిలాలు 1977లో దొరికాయి. వాటిలోంచి తీసిన వస్తువులను ఆస్ట్రేలియాలోని టౌన్స్‌విల్ మ్యూజియంలో చూడవచ్చు.

ఓడ పోగొట్టుకున్నందుకు ఎడ్వర్డ్స్‌ను కూడా కోర్టు మార్షల్ చేశారు. తప్పు లేదని వదిలేశారు. ఆయన పట్టుదలను శంకించనక్కరలేదు. సగం భూగోళం తిరిగి, ఓడ మునిగినా, పడవల్లోనైనా పదిమందిని కోర్టు ముందుకు తెచ్చాడు. కాని నౌకాదళం ఆయనకిచ్చిన ఉత్తర్వులో రెండు షరతులున్నాయి. ఖైదీలు పారిపోకుండా చూడాలి, వాళ్ళ ప్రాణాలు నిలబడేలా చూడాలి. ఎడ్వర్డ్స్ మొదటిదాన్ని అక్షరాలా పాటించాడు. రెండోదాన్ని పాటించింది గడియ లాగిన మౌల్టర్.